ఉదాహరణకి

కాశీబుగ్గ బస్టాండు పక్కన పాతపుస్తకాల బండిమీద
అరవై రూపాయలకి కొన్నాను
నాలుగువేల మాటలు.
అట్ట లోపల నీలం సిరాతో
కింతలి భాస్కరరావు, సోంపేట.
మొదటి పేజీనుంచి ఎర్రపెన్సిల్తో గీతలు గీసుకుంటూ వచ్చి
లెథార్జీ దగ్గర ఆగిపోయాడాయన.
లెథార్జీ: మందకొడితనం, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం.
ఆ తర్వాత కాగితాలన్నీ కొత్తవే.
ఉద్యోగం వచ్చేసుంటుంది అనుకుంటాను,
పోనీ, పెళ్లైనా.

ఒక మాట, ఒక అర్థం, ఒక ఉదాహరణ.
ఉదాహరణల్లో ఎవరెవరో ఉంటారు.
మిస్టర్ హెన్రీ గులాబీతోటలో తిరుగుతాడు,
ఎవరో దొరసాని టీ చల్లారిందని విసుక్కుంటుంది.
వాళ్లెవరూ జీడిపిక్క కొట్టినవాళ్లు కాదు.
అంచేత వాళ్లని కొట్టేసి
మార్జిన్లో నావి రాసుకుంటాను.

యుబిక్విటస్: ఎక్కడ చూసినా ఉండేది.
బట్టీ పొగ మా వీధిలో యుబిక్విటస్,
దుప్పట్లో, చద్దన్నంలో, అక్క కొడుకు మాడుమీద.
ఫ్రాజైల్: తొందరగా విరిగేది.
కత్తి నూలుపోగంత జారితే గుండు బద్దవుతుంది,
కిలోకి కూలి తగ్గుతుంది.
ఆస్ట్రింజెంట్ అంటే వగరు.
దీనికి ఏమీ రాయలేదు,
వేలు నాలిక్కి ఆనిస్తే చాలు.

పలకడం మాత్రం ఎవరూ నేర్పలేదు.
దెబ్బకొక ముక్కగా విరుచుకుని
పిక్కతోపాటు కొడతాను.
ఒక్కోసారి పప్పు బయటికొస్తుంది,
మాట లోపలే ఉండిపోతుంది.

నా పీటకి ఎదురుపీట తవిటమ్మది.
సంతకం రాదు, ముప్ఫయ్యేళ్ల పని.
పొద్దున్నే అడుగుతుంది,
"ఇయ్యేల మాటేటే, గుంటా?"
"కాండర్."
"అంటే?"
"దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పడం."
"సదువుకున్నోల్లకి అది కూడా నేర్పాలేటి!"
నవ్వేసి చేతులకి ఆముదం రాసుకుంది.

శనివారం సాయంత్రం కాటా దగ్గర
ఆమె తట్ట పదకొండు కిలోలన్నాడు గుమస్తా.
పన్నెండు దాటుతుందని ఆమె చేతులకి తెలుసు.
కొంగు బిగించి, షెడ్డంతా వినేలాగ,
"బాబూ, నీ కాటాకి కాండర్ నేదు."

అదేదో స్పేరు పార్టు అనుకున్నాడతను.
వంగి, కాటా కింద వెతికాడు.
నవ్వాపుకోలేక పప్పు తట్టల్లోకి తలలు దూర్చేశాం.
మళ్లీ తూచాడు,
పన్నెండు కిలోల రెండొందలు.

పరీక్ష ఎచ్చెర్లలో.
చీకటుండగానే ప్యాసింజరెక్కి, ఆమదాలవలసలో దిగి,
ఆటోలో ఏడుగురి మధ్య, ఒళ్లో పుస్తకం.
గేటు దగ్గర అద్దంపలక మీద వేలు పెట్టమన్నారు.
కుడి చూపుడువేలు. ఎర్రలైటు.
ఎడమది. ఎర్రలైటు.
బొటనవేలు తుడుచుకుని పెట్టమ్మా,
చున్నీకి కాదు, ఈ గుడ్డకి.
ఎర్రలైటు.
జీడినూనె తినేసిన గీతలు
ఏ గుడ్డకి తిరిగొస్తాయి?
ఇల్లెజిబుల్: చదవడానికి వీలుపడనిది.
పుస్తకంలో ఉదాహరణ ఒక డాక్టరు చేతిరాత.
వెనక వరస గొణుగుతోంది.
ఆఖరికి నా కన్ను ఫొటో తీసుకుని
నన్ను లోపలికి పంపారు.

నాలుగువేలల్లోంచి ఆ కాగితంలోకి వచ్చినవి మూడు.
ఒకటి భాస్కరరావు ఆగిన చోటుకి అవతలిది,
నేనూ అంతదూరం పోలేదు.
ఒకటి ఊహించాను.
మూడోది చూడగానే
ఏసీ గదిలో బట్టీ వాసన కమ్మింది,
గుమస్తా వంగిన నడుం, బిగిసిన కొంగు.
నాలుగు జవాబుల్లో కాటా లేదు.
అయినా సరైనదానికే చుక్క దిద్దాను.

సోమవారం చెప్తే
తవిటమ్మ పిక్క కొట్టడం ఆపలేదు.
"దానికి మార్కులెన్నే?"
"ఒకటి."
"అందల సగం నాది," అంది.